చక్రాలు తీసేసిన విమానం

అబిడ్స్‌లో బెత్సీని మంచి మనిషి అన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఆమె దగ్గర మిక్సీ బాగుచేయించుకుని ఉండరు. ట్రూప్‌బజార్ వైపు పోయే సందులో ఒక పాత కాంప్లెక్సు మెట్ల కింద ఆమె రిపేరు దుకాణం. వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టగానే, "దీన్ని గిట్ల ఖరాబు జేసిందెవరు?" అని అడుగుతుంది. ఎవరో ఒకరి పేరు చెప్పేదాకా స్క్రూ విప్పదు. చెప్పాక నమ్మదు. అయినా జనం వస్తూనే ఉంటారు. ఆమె బిగించింది మళ్లీ వదులైందని ఇంతవరకు ఎవరూ వెనక్కి రాలేదు.

ఆ నోరు పుట్టుకతో వచ్చింది కాదు. బెత్సీ మెదక్‌లో పెరిగింది. తండ్రి మిషన్ దవాఖానలో కాంపౌండరు. విమానాల మెయింటెనెన్సు చదివి, లైసెన్సు తెచ్చుకుని, నగరం బయట ఒక ఫ్లయింగ్ స్కూల్లో ఇంజనీరుగా చేరినప్పుడు, చర్చిలో ఆమె పేరు చెప్పి మరీ ప్రార్థన చేశారు. విమానాలు నిలిపే హ్యాంగరులో అప్పట్లో ఆమె నవ్వు దూరం నుంచే వినిపించేదట. ఆమె చేతి కింద పనిచేసే టెక్నీషియన్ రాంచందర్ వయసులో పెద్దవాడు కాబట్టి "అన్నా" అని పిలిచేది. గౌలిగూడలో అతని ఇంటికి పండక్కి పోయి భోజనం చేసి వచ్చేది.

తొమ్మిదేళ్ల కింద అదంతా ఒక్క పూటలో పోయింది.

శిక్షణ విమానం ఒకటి రన్‌వే మీద దిగుతుండగా ఎడమ చక్రం ఊడి పక్కకు దొర్లిపోయింది. విమానం ఒరిగింది, రెక్క నేలకు తగిలింది, బోల్తా పడింది. నడుపుతున్నది నవత అనే అమ్మాయి. జనగామ దగ్గర ఒక పల్లెలో కూలి చేసుకునే ఇంటి నుంచి స్కాలర్‌షిప్పు మీద వచ్చి పైలట్ కావాలనుకున్న పిల్ల. తొడ ఎముక రెండు ముక్కలైంది.

ఆ చక్రానికి ముందు రోజు కొత్త టైరు వేసింది బెత్సీ. చక్రం ఇరుసు మీద నట్టు బిగించాక, అది తిరిగి వదులు కాకుండా అడ్డంగా ఒక చిన్న పిన్ను దూర్చి, కొసలు వంచాలి. పిన్ను దూర్చానని, వంచానని బెత్సీ విచారణలో చెప్పింది. ఆ తర్వాత రాంచందర్‌ను పిలిచారు. "నేను చూసినప్పుడు పిన్ను లేదు" అన్నాడతను.

బెత్సీ అక్కడే, అందరి ముందే లేచి నిలబడింది. "లేదని చూసినోనివి, నాకెందుకు చెప్పలేదు?"

"మళ్లొచ్చి పెడతవనుకున్న. ఇంజనీరువి నువ్వు. నీకు నేను చెప్పాల్నా?"

బోల్తాలో విరిగిన ఇరుసు దగ్గర పిన్ను ముక్క కూడా దొరకలేదు. ఉండి తెగిపోయిందో, అసలు లేదో ఎవరూ తేల్చలేకపోయారు. అయితే స్కూలుకు ఒక మనిషి కావాలి. బెత్సీని తీసేశారు. చూసి కూడా చెప్పనందుకు రాంచందర్‌కు రావాల్సిన ప్రమోషన్ ఆగింది. అది ఆమె వల్లే ఆగిందని అతను, తన బతుకు అతని అబద్ధం వల్లే పోయిందని ఆమె, ఇద్దరూ గట్టిగా నమ్మారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఫ్లయింగ్ స్కూలు కూడా మూతపడింది. ఈ నమ్మకాలు మాత్రం మిగిలాయి.

బెత్సీ నాంపల్లి స్టేషన్ వెనక అక్క లోయిస్ ఇంట్లో ఉంటూ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేయడం మొదలుపెట్టింది. లైసెన్సు మాత్రం గడువు పోకుండా కాపాడుకుంటూ వచ్చింది. ఎందుకని అక్క అడిగితే, "నా చేత పారేయించాలని ఎవరికో ఉంది, అందుకు" అనేది.

పోయిన ఏడాది చలికాలంలో లక్ష్మణరావు ఆమె దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. గోదావరి వైపు మనిషి. నగరం బయట ఒక పెద్ద జలాశయంలో టూరిస్టులకు మోటారు బోట్లు నడుపుతాడు. మెట్ల కింద తల తగలకుండా వంగి నిలబడి, "ఒక చిన్న విమానం కొన్నానమ్మా" అన్నాడు. "దానికి చక్రాలు తీసేసి, కింద ఫ్లోట్లు కట్టాలి. నీళ్ల మీద లేవాలి, నీళ్ల మీద దిగాలి."

ఫ్లోట్లంటే చక్రాల బదులు విమానం కింద బిగించే రెండు పొడుగాటి అల్యూమినియం డబ్బాలు, పడవల్లాంటివి. విదేశంలో వాడినవి ఒక జత కంటైనర్లో తెప్పించాడట. బిగించి సంతకం పెట్టడానికి లైసెన్సున్న ఇంజనీరు కావాలి. అడిగినవాళ్లలో కొందరు మాకీ పని రాదన్నారు, కొందరు వచ్చినా చేయమన్నారు.

"నా సంగతి ఎవరన్న చెప్పిన్రా మీకు?" అని అడిగింది బెత్సీ.

"చెప్పారు."

"అయినా వచ్చిన్రా?"

"ఇంకెవరూ ఒప్పుకోవట్లేదమ్మా" అన్నాడు లక్ష్మణరావు. మొహమాటానికైనా వేరే మాట చెప్పలేదు. ఆ మాటకే ఆమె ఒప్పుకుంది.

ఇంట్లో లోయిస్‌కు ఇది నచ్చలేదు. రిటైరైన నర్సు ఆమె, మాట తక్కువ. "మళ్లా ఏదన్న అయితే ఈసారి జైలే" అంది అన్నం వడ్డిస్తూ.

"కాదు."

"పోయినసారి గూడ కాదనే అనుకున్నవ్."

బెత్సీ కంచం పక్కకు నెట్టి లేచిపోయింది.

విమానాన్ని రెక్కలు విప్పి ట్రైలర్ మీద తెచ్చి, నాంపల్లి గూడ్స్ షెడ్డు వెనక పాడుబడ్డ టింబర్ డిపోలో పెట్టారు. మొద్దులు ఎత్తడానికి వేసిన ఇనుప దూలం, గొలుసుల కప్పీ అక్కడ ఇంకా ఉన్నాయి. అందుకే ఆ జాగా కిరాయికి తీసుకున్నారు. ట్రైలర్ తిరిగేటప్పుడు ఎదురింటి గోడ గీరుకుపోయింది. ఆ ఇంటి ముసలామె వెంకటరత్నమ్మ మొదటి రోజు నుంచే గేటు ముందు కుర్చీ వేసుకుని, లోపలికి పోయే ప్రతి మనిషినీ తిట్టేది. బెత్సీ మొదటిసారి గేటు దాటింది ఆ తిట్ల మధ్యనే.

లోపలికి పోయి ఆగింది. విమానం ఎడమ పొట్ట మీద రంగు తేడాతో పెద్ద అతుకు ఉంది. ఆ అతుకు ఎందుకు పడిందో ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్ల కింద బోల్తా పడింది ఈ విమానమే. దాని కింద స్పానర్ పట్టుకుని కూర్చుని ఉన్నది రాంచందర్.

"ఈమెనా?" అన్నాడు రాంచందర్, లక్ష్మణరావు వైపు చూసి. బెత్సీ వైపు చూడలేదు.

"ఈ విమానం లోపలంతా తెలిసినవాడు ఈయనొక్కడే అన్నారమ్మా" అన్నాడు లక్ష్మణరావు. "మీ ఇద్దరికీ పాత పరిచయమని తెలుసు."

"పరిచయం" అంది బెత్సీ. కాసేపు ఆ అతుకు వైపు చూసింది. వెళ్లిపోతుందనే లక్ష్మణరావు అనుకున్నాడు. "సార్, ఒక్క మాట. ఈయన చేసిన ప్రతి పనీ నేను చూస్త. నేను సరే అనేదాంక అది అయినట్టు గాదు."

"ఆమె చేసింది గూడ నేను చూస్త" అన్నాడు రాంచందర్. "చూసి ఊకోను ఈసారి. గట్టిగ చెప్త."

"ఇంకేం, రెండు సార్లు చెకింగు" అని లక్ష్మణరావు సంతోషపడ్డాడు. పగ అనేది కూడా పనికొస్తుందని అతనికి తోచింది కాబోలు.

మొదటి పని చక్రాలు తీయడం. విమానాన్ని గొలుసులతో దూలానికి వేలాడదీశారు. రాంచందర్ ఎడమ వైపు కాలు విప్పుతూ, గోడతో చెప్పినట్టు అన్నాడు: "ఈ పని మంచిగనే ఉన్నది. ఈసారి ఊడిపోనీకి చక్రాలే ఉండవు."

బెత్సీ చేతిలో రెంచి ఆగింది. అతను విప్పి కింద పెట్టిన చక్రాన్ని, ఇరుసును వెలుతురులోకి ఈడ్చుకుపోయి గుడ్డతో గ్రీసు తుడిచి, తిప్పి తిప్పి చూసింది.

"ఏం దేవులాడుతున్నవ్?"

"నీ అబద్ధం."

"దొరికిందా?"

"ఇరుసు మార్చిన్రు. ఇది కొత్తది."

"ఇరుసు మారితే నిజం మారుతదా?" అని రాంచందర్ కుడి వైపుకు పోయాడు.

ఆమె ఆ రోజంతా అక్కడే నేల మీద కూర్చుండిపోతుందేమో అనిపించింది చూసేవాళ్లకు. ఇన్నేళ్లలో ఆ ఇరుసు ఒక్కసారి కంటపడితే చాలు, ఏదో ఒక గీత, ఒక తుప్పు మచ్చ తన వైపు సాక్ష్యం చెబుతుందని ఆమె లోపలెక్కడో అనుకుంటూ వచ్చింది. కళ్ల ముందున్నది ఒక మెరిసే ఇనుప ముక్క. దానికి ఏమీ తెలియదు. లేచి, చేతులు కడుక్కుని, పని అందుకుంది.

చక్రాల కాళ్లు బిగించిన చోట్లలోనే ఫ్లోట్ల కడ్డీలు వచ్చి కూర్చోవాలి. రెండు ఫ్లోట్ల మధ్య అడ్డ కడ్డీలు వేసి, వాటికి ఏటవాలుగా ఉక్కు తీగలు లాగి బిగించాలి. ఒక తీగ బిగువు, ఒకటి వదులు అయితే ఫ్లోట్లు మెలిపడి, నీళ్ల మీద విమానం ఒక పక్కకే గుంజుతుంది. వెనక కొసన చుక్కానులు పెట్టి, వాటి కేబుళ్లను పైలట్ కాళ్ల కింది పెడళ్లకు కలపాలి. ప్రొపెల్లర్ మార్చాలి. నీళ్లు పట్టుకుని వెనక్కి లాగుతాయి కాబట్టి లేచేటప్పుడు ఇంజను నుంచి ఎక్కువ లాగుడు కావాలి. తోక కింద ఇంకో చిన్న రెక్క వేయాలి.

ఇదంతా వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చేశారు. బెత్సీ బిగించిన బోల్టు మీద ఎర్ర రంగు చుక్క పెట్టేది. రాంచందర్ తర్వాత వచ్చి రెంచి వేసి చూసి, పక్కన నీలం చుక్క పెట్టేవాడు. అతను ముందు చేస్తే ముందు నీలం, తర్వాత ఎరుపు. చుక్కలు రెండూ లేని బోల్టు విమానం మీద లేకుండా పోయింది. ఇరానీ హోటల్ నుంచి చాయ్ వచ్చేది. అతను గేటు వైపు తిరిగి తాగేవాడు, ఆమె దూలం వైపు తిరిగి తాగేది. మధ్యలో వెంకటరత్నమ్మ గోడ డబ్బుల కోసం లోపలికి వచ్చి అరిస్తే, ఇద్దరూ కలిసి ఆమె మీద అరిచిన రోజు కూడా ఒకటుంది. ఆ ఒక్క విషయంలోనే వాళ్లకు ఏకాభిప్రాయం.

ఫ్లోట్లలో లీకులు వెతకడం అన్నిటికంటే పెద్ద గొడవైంది. ఒక్కో ఫ్లోటు లోపల అడ్డుగోడలతో గదులుగా ఉంటుంది, ఒక గదిలోకి నీళ్లొచ్చినా మిగతావి తేల్చాలని. ప్రతి గదికీ పైన గుండ్రటి మూత. నీళ్లు బయట నుంచి లోపలికి వస్తాయా అని చూడాలంటే, గదిని నీళ్లతో నింపి, లోపలి నుంచి బయటికి ఎక్కడ చెమరుస్తుందో చూడాలి. కుడి ఫ్లోటు వెనక గదిలో ఒక అతుకు వెంట తడి కనిపించింది. రాంచందర్ ఆ అతుకంతా గోకి, ఒక పూటంతా కూర్చుని సందులు మూసే సీలెంటు పూశాడు. మర్నాడు బెత్సీ వచ్చి మళ్లీ నీళ్లు పోసి చూసి, కత్తి తీసుకుని అతను పూసిందంతా గీకేసింది.

రాంచందర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "కోపంతోని తీసినవా, లీకున్నదని తీసినవా?"

"లీకుంది."

"కోపం లేదా?"

"ఉంది. లీకు గూడ ఉంది. చూడు."

అతను వంగి చూశాడు. వేలితో తడిమాడు. సీలెంటు డబ్బా తెచ్చుకుని మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి చెమర్చలేదు. ఆమె ఎర్ర చుక్క పెట్టింది. అయినా ఆ అతుకు మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. అతుకు మీద కాదేమో, దాన్ని పూసిన చేతి మీద.

విమానం నడిపే మనిషి వచ్చిన రోజున పగ పనికొస్తుందన్న లక్ష్మణరావు సిద్ధాంతం తలకిందులైంది. గేటు ముందు ఆటో దిగి, ఒక కాలు కొంచెం బిర్రుగా వేస్తూ లోపలికి నడిచివచ్చిన ఆమెను చూసి బెత్సీ రెంచి కింద పెట్టింది. రాంచందర్ లేచి నిలబడ్డాడు. నవత. దవాఖానలోంచి బయటపడి, కాలు బాగయ్యాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని, మాల్దీవుల్లో నీళ్ల మీద దిగే విమానాలు నడిపి వచ్చింది. అలాంటి పైలట్ దొరకడమే అదృష్టమని లక్ష్మణరావు ఫోన్‌లోనే ఖాయం చేసుకున్నాడు. ఎవరు పని చేస్తున్నారో ఆమెకు చెప్పలేదు.

నవత ముందు విమానం మీది అతుకును చూసింది. తర్వాత వాళ్లిద్దర్నీ చూసింది.

"సార్, మీకు ఇంత పెద్ద ఊర్ల వేరే మనుషులే దొర్కలేదా?"

"వాళ్లిద్దరూ ఒకరి పని ఒకరు..."

"నాకు తెల్సు. ఒకరి మీద ఒకరు చెప్పుకున్నరు. నేను మంచం మీద పడి ఉన్నప్పుడు." ఆమె గొంతు పెంచలేదు. "ఇద్దర్ల ఒకరు అబద్ధం చెప్పిన్రు. ఎవరు?"

"నేను గాదు" అంది బెత్సీ.

"నేను గాదు" అన్నాడు రాంచందర్.

నవత ఫ్లోట్ల చుట్టూ తిరిగింది. ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు చూసింది. తీగలను వేళ్లతో మీటి బిగువు చూసింది. కడ్డీల కింద పడుకుని పైకి చూసింది. అలా చాలాసేపు చూశాక బట్టలు దులుపుకుంటూ లేచింది.

"పని మంచిగుంది. మనుషులే మంచిగలేరు" అంది. "మొదటి ట్రయల్‌కు నా పక్క సీట్ల ఒకరు కూసోవాలె."

"నేను కూసుంట" అంది బెత్సీ వెంటనే.

"మీరు గాదు, మేడమ్. మీకు మీ మీద నమ్మకమే. ఆయన." రాంచందర్ వైపు తిరిగింది. "మీరు ఆమెను నమ్మరు గద. ఆమె సరే అన్నంక మీరు ఎక్కున్రి. ఎక్కనంటే, ఎందుకెక్కరో సార్‌కు చెప్పున్రి. అప్పుడు నేను గూడ ఎక్క."

రాంచందర్ ఫ్లోట్ల వైపు చూశాడు. "నాకు ఈత రాదు" అన్నాడు.

"లైఫ్ జాకెట్ ఉంటది."

"ఎక్కుత" అన్నాడు. "నీలం చుక్కలు నావే గద."

పోయిన మార్చిలో విమానాన్ని జలాశయానికి తరలించారు. ఒడ్డున రెక్కలు బిగించి, అనుమతి వచ్చాక ఒక పొద్దున ట్రయల్ పెట్టుకున్నారు. లక్ష్మణరావు బోటు వాళ్లందరినీ పిలుచుకొచ్చి ఒడ్డున నిలబెట్టాడు. రాంచందర్ కొంచెం దూరంలో జాకెట్ పట్టీలు పెట్టుకుంటూ తంటాలు పడుతున్నాడు. ఆ సమయంలో బెత్సీ కుడి ఫ్లోటు మీదికి ఎక్కి, వెనక గది మూత తీసింది. రాంచందర్ పూసిన ఆ అతుకును ఆఖరిసారి చూడాలని. టార్చి వేసి చూసింది. పొడిగా ఉంది. అంతలో లక్ష్మణరావు పిలుస్తున్నాడు. మూత పెట్టి తిప్పి, దిగిపోయింది. మూత మీద నీలం చుక్క పాతదే, ఆమె మళ్లీ పెట్టాక దాన్ని రాంచందర్ చూడలేదు.

ఇంజను మొదలైంది. విమానం మెల్లగా ఒడ్డు వదిలి నీళ్లలోకి పోయింది. బెత్సీ వెనక మోటారు బోటులో ఉంది. నవత ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిప్పి చూసింది. చుక్కానులు మాట విన్నాయి. వేగం పెంచింది. ఫ్లోట్లు ముక్కు పైకెత్తి, నీళ్లను చీల్చి, నీటి పైతోలు మీద జారడం మొదలుపెట్టాయి. ఒడ్డున ఈలలు వేశారు. మళ్లీ వేగం తగ్గించి, దూరం దాకా పోయి, అలల మీద నెమ్మదిగా తిరిగి వస్తుండగా బెత్సీకి కనిపించింది. కుడి ఫ్లోటు వెనక భాగం మీదికి నీళ్లు ఎక్కుతున్నాయి. ఎడమది తేలినంత ఎత్తులో కుడిది తేలడం లేదు.

అరిచింది. ఇంజను మోతలో అరుపు పోదు. మెడలో చున్నీ తీసి బోటులో నిలబడి ఊపింది. బోటు నడిపేవాణ్ని విమానం ముందుకు పోనిమ్మంది. నవత చూసింది. కుడి వైపు కిటికీలోంచి కిందికి చూసిన రాంచందర్ ముఖం బెత్సీకి కనిపించింది. భయంతో ఉన్న మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిది కాదు. కానీ ఆ ముఖం నేరుగా తన వైపే చూసింది.

నవత తొందరపడలేదు. వేగం పెంచకుండా, ఒడ్డు వైపు తిప్పి, కుడి రెక్క నీళ్లకు వంగుతుండగానే లోతు లేని చోటికి తెచ్చింది. బోటు వాళ్లు మొల లోతు నీళ్లలోకి దిగి రెక్క పట్టుకున్నారు. రాంచందర్ తలుపు తీసుకుని నీళ్లలోకి దూకి, జాకెట్‌తో తడబడుతూ ఒడ్డుకు వచ్చాడు. వస్తూనే, "నా అతుకు గాదు" అన్నాడు. "నా అతుకు గాదది. చూడున్రి."

వెనక గదికి పంపు పెట్టి తోడారు. ఆగకుండా నీళ్లు వచ్చాయి. బెత్సీ ఫ్లోటు మీద మోకాళ్ల మీద కూర్చుని మూత తిప్పింది. తీయగానే కనిపించింది. మూత కింది రబ్బరు వాషరు ఒక వైపు మడతపడి ఉంది. పొద్దున తొందరలో మూత పెట్టినప్పుడు ముడుచుకుపోయింది. ఆ సందులోంచి అల తగిలినప్పుడల్లా నీళ్లు దిగాయి. టార్చి వేసి అతుకును కూడా చూసింది. అది గట్టిగానే ఉంది.

అందరూ ఆమె వైపు చూస్తున్నారు. వాషరును అరచేతిలో పెట్టుకుని లేచింది.

"అతుకు మంచిగనే ఉంది. మూత పొద్దుగాల నేను తీసిన. మళ్ల పెట్టేటప్పుడు రబ్బరు మడతపడింది. ఇది నాది."

లక్ష్మణరావు తల పట్టుకున్నాడు. "ఎందుకు తీశావమ్మా? రెండు చుక్కలూ ఉన్నాయిగా దాని మీద."

"ఆయన అతుకు మీద నమ్మకం లేక."

"మీ పగలో నా విమానం మునిగిపోయేది. మనుషులతో సహా."

"ఔ" అంది బెత్సీ.

రాంచందర్ ముందుకు వచ్చాడు. తడి బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ మాట కోసం తొమ్మిదేళ్లుగా చూస్తున్నవాడిలా, ఒక్కో ముక్కా నొక్కి మాట్లాడాడు. "చూసిన్రా? గిదే నేను ఆనాడు చెప్పింది. తొందర్ల పెట్టి పోతది. చూస్కోదు. ఆనాడు పిన్ను, ఈనాడు మూత."

"మూత నాది" అంది బెత్సీ. "పిన్ను పెట్టిన. వంచిన. నువ్వు ఈ మూతను వెయ్యేండ్లు చూపించు, అది మారదు."

"నవతా, నువ్వు చెప్పమ్మ" అన్నాడు రాంచందర్.

నవత ఫ్లోటు అంచున కూర్చుని బిర్రుగా ఉన్న కాలును చేత్తో నొక్కుకుంటోంది. "నాకు తెల్వది" అంది. "ఆనాటి సంగతి తెల్వకుండనే ఇన్నేండ్లు బతికిన. ఇంక మీదట గూడ బతుకుత. కానీ అంకుల్, మీరు దిగంగనే అన్న మొదటి మాట 'నాది గాదు' అని. ఆమె అన్నది 'నాది' అని. అది నేను చూసిన. ఇంతకంటె నన్నేం అడగొద్దు." తర్వాత బెత్సీ వైపు తిరిగి, "నన్ను మళ్ల దవాఖానకు పంపుతుంటిరి మేడమ్. అది గూడ నేను మర్చిపోను. కొత్త వాషరు వెయ్యున్రి" అంది.

బెత్సీ కొత్త వాషరు వేసింది. ఆమె మూత బిగించాక రాంచందర్, ఎవరూ అడగకుండానే వచ్చి, మూత చుట్టూ వేలు పెట్టి తడిమి చూశాడు. మిగతా మూతలన్నీ కూడా చూశాడు. మధ్యాహ్నం దాటాక రెండో ట్రయల్ అన్నారు. నేను ఇంక ఎక్కనని అతను చెప్పేశాడు. పక్క సీట్లో బెత్సీ కూర్చుంది.

ఈసారి ఫ్లోట్లు నీళ్లను వదిలాయి. ఒక్క కుదుపు, ఆ తర్వాత కింద మోత ఆగిపోయింది. చక్రాలు తీసేసిన విమానం గాల్లో ఉంది. తర్వాత లోయిస్ ఎలా ఉందని అడిగితే, బెత్సీ తను చూసింది ఒక్క ఆ మూతనే అని చెప్పింది. ఎగిరినంతసేపూ కిటికీలోంచి మెడ వంచి కుడి ఫ్లోటు మూతనే చూస్తూ కూర్చుందట. జలాశయం ఎలా కనిపించిందో, ఊరు కనిపించిందో లేదో ఆమెకు తెలియదు. దిగాక నవత థాంక్స్ చెప్పలేదు, ఆమె కూడా ఆశించలేదు.

లక్ష్మణరావు ఇద్దర్నీ తీసేస్తాడనే అందరూ అనుకున్నారు. తీసేయలేదు. వేరేవాళ్లు దొరకకపోవడం ఒక కారణం. నవత పెట్టిన షరతు ఇంకో కారణం. ఆమె నడిపినన్నాళ్లూ విమానం మీద రెండు రంగులూ ఉండాలంది. మూతలు, నీళ్లు తోడే పంపు గొట్టాలు ఆమె కళ్ల ముందే మూయాలి, మూశాక ఎవరూ తీయకూడదంది.

రాంచందర్ మూత సంగతి గౌలిగూడలో కలిసిన ప్రతి మనిషికీ చెప్పాడు. నాంపల్లి దాకా పాకింది. చర్చి మెట్ల మీద ఒకామె, నిజమేనా అని అడిగింది. నిజమే అంది బెత్సీ. పిన్ను సంగతి కూడా నిజమేనా అని ఆమె అడగబోయింది. అది కాదు అంది బెత్సీ, అడగకముందే. ఇంతకుముందు ఈ ప్రశ్నకు మనుషుల మీద విరుచుకుపడేది. ఇప్పుడు గొంతు పెంచకుండా చెబుతోంది. అలా చెబుతుంటే జనం ఎక్కువ నమ్ముతున్నారని లోయిస్ అంటుంది. నమ్మినా నమ్మకపోయినా నాకేం ఫికర్ లేదని బెత్సీ అంటుంది. అది మాత్రం అక్క నమ్మదు.

వానలు పడ్డాక విమానాన్ని ఒడ్డుకు లాగి తనిఖీ చేయాల్సి వచ్చింది. ఇద్దరూ చెరో ఫ్లోటు కింద దూరారు. ఎడమ చుక్కాని కేబులులో ఒక పోగు లేచినట్టు కనిపించింది బెత్సీకి. మార్చాలంది. ఇంకో నెల నడుస్తదన్నాడు రాంచందర్. మార్చాలంది మళ్లీ. అతను తిట్టుకుంటూ పాత కేబులు లాగి, కొత్తది వేసి, నీలం చుక్క పెట్టాడు. పాతదాన్ని ఆమె కాళ్ల ముందు పడేశాడు.

"చూడు. ఏం గాలేదు దీనికి."

"కాకముందే మార్చినం" అంది బెత్సీ.

రాంచందర్ స్పానర్లు సంచిలో వేసుకుని, ఆమెకోసం ఆగకుండా బస్సు దారి పట్టాడు. బెత్సీ కొత్త కేబులును రెండు చేతులా పట్టి లాగి చూసి, ఎర్ర రంగు డబ్బా మూత తీసింది.